అవార్డుల రాత్రి: ఒక గృహస్థుని మహజరు

ఏటేటా ఈ దేశపు గృహస్థుల నెత్తిన పడే విపత్తులు నాలుగు: వరదలు, వడగాలులు, బడి ఫీజులు, సినిమా పాటల అవార్డుల పండుగ. వరదొస్తే కలెక్టరు పడవెక్కి వస్తాడు. వడగాలి వీస్తే చలివేంద్రాలు వెలుస్తాయి. ఫీజులు పెరిగితే ధర్నా చేయడానికి సంఘాలున్నాయి. నాలుగోదాని బాధితుడిని మాత్రం ఇంతవరకు ఎవరూ పరామర్శించిన పాపాన పోలేదు. పంచనామా లేదు, పరిహారం లేదు, కేంద్ర బృందం పర్యటన లేదు. ఆదివారం రాత్రి పది దాటినా కంచం ముందుకు రాని ఇంటికి తహసీల్దారు వచ్చి "ఎంత మేర నష్టం?" అని అడిగిన దాఖలా ఈ గణతంత్ర చరిత్రలో ఒక్కటీ లేదు. అడిగితే చెప్పడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. కూర అడుగంటింది, పప్పు చల్లారింది.

మాది పాలంపేట. రామప్ప గుడి పాలంపేటే. పేరు వినగానే మీరు "అబ్బ, ఎంత అదృష్టవంతులండీ" అంటారని నాకు తెలుసు. అందరూ అంటారు. అని ఊరుకోరు, వస్తారు. 2021 జులై 25న, చైనాలోని ఫూజౌ వేదికగా ఆన్‌లైన్‌లో నడిచిన సమావేశంలో, యునెస్కో మా గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1213 నాటి శాసనం చెప్పే రేచర్ల రుద్రుడి గుడికి 808 ఏళ్ళకు అందిన సన్మానం. ఆలస్యానికి మాకు ఆక్షేపణ లేదు, డీఏ బకాయిలు చూసిన ప్రాణాలు మావి. ఆక్షేపణల్లా తర్వాతి పరిణామాల మీద. పెండ్లికి పత్రిక ఇచ్చినా రాని చుట్టాలు ఇప్పుడు పిలవకుండానే "వరల్డ్ హెరిటేజ్ చూసిపోదామని వచ్చినం బావా" అంటూ పొద్దున్నే కారు దిగుతున్నారు. గుడి, చెరువు, కట్ట మీద ఫొటోలు, అన్నీ కలిపి మధ్యాహ్నానికి ముగుస్తాయి. మిగతా పూటంతా వాళ్ళు దర్శించేది మా ఇంటిని. గుడికి హోదా ఇచ్చింది యునెస్కో. ఆ హోదాకు సర్వపిండి కాల్చి పెట్టేది మా ఇంటామె.

అట్లాంటి ఒక ఆదివారం నాడే అవార్డుల ప్రసారం వచ్చి పడింది. వేడుక జరిగి అప్పటికి వారాలు దాటింది. ఎవరికి ఏమొచ్చిందో ఆ రాత్రే అందరి ఫోన్లలోకీ చేరింది. ఉత్తమ గాయని ఎవరో మా బజారులో పాలు పోసే పిలగానికి కూడా తెలుసు. అయినా చానల్ వారు దాన్ని రాజ్యరహస్యంగా భావించి రోజుల తరబడి ప్రోమోలు వేశారు. ఆ ప్రోమోలో ఒక గాయకుడు కళ్ళు తుడుచుకుంటాడు, ఒక సంగీత దర్శకుడు ఎవరినో కావలించుకుంటాడు, యాంకరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, వెనక ఢమఢమా పిడుగుల చప్పుడు. మా అవ్వ బెదిరిపోయి "ఎవలు పోయిండ్రు కొడుకా" అని అడిగింది. ఎవరూ పోలేదవ్వా, పాటలకు అవార్డులిస్తున్నారు అన్నాను. "గంతేనా" అంది, కొంచెం నిరాశగా.

రాత్రి ఏడు కాకముందే సోఫా వివాదం మొదలైంది. కృష్ణా జలాల పంపిణీకి రెండు ట్రిబ్యునళ్ళు వేసిన ఈ దేశం, ముగ్గురు పట్టే సోఫాను తొమ్మిది మందికి పంచడానికి ఒక్క న్యాయమూర్తిని కూడా నియమించలేదు. హన్మకొండ నుంచి వచ్చిన బామ్మర్ది ఎగువ రాష్ట్రం హోదాలో ముందే కూర్చుని నీళ్ళన్నీ ఆపేశాడు. అతని పక్కన అతని భార్య, ఆమె ఒళ్ళో పిల్లాడు, పిల్లాడి ఒళ్ళో రిమోటు. మిగిలిన మూలలో మా బిడ్డ. అవ్వకు నవారు మంచం. మిగులు జలాల కింద నాకు తలుపు సందులో ప్లాస్టిక్ కుర్చీ కేటాయించారు. ఇంటి పన్ను నా పేరు మీదే ఉంది. కుర్చీకి ఒక కాలు వంకర.

మొదలు రెడ్ కార్పెట్. పాటల పండుగకు పాటలు పాడేవాళ్ళు వస్తారని అనుకునే అమాయకులు ఇంకా ఎవరైనా ఉంటే వారికి నా సానుభూతి. దిగేవాళ్ళంతా హీరోలు, హీరోయిన్లు, వారి అన్నలు, వారి తమ్ముళ్ళు, త్వరలో హీరో కాబోయే మేనల్లుళ్ళు. ప్రతి ఒక్కరినీ ఆపి, "ఈ రాత్రికి ఎలా ఫీలవుతున్నారు" అని అడుగుతారు. అందరూ చాలా బాగా ఫీలవుతున్నారు. ఇక్కడ ఫీలవుతున్న నా వైపు ఏ మైకూ తిరగలేదు. ఇంతలో ఒక ఆకుపచ్చ చీర కారు దిగింది. మా ఇంటామె వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడి, "గిదే రంగు హన్మకొండ చౌరస్తాల సూసిన, యాదున్నదా" అంది. యాదుంది. ధర కూడా యాదుంది. ప్రసారం మొదలైన పావుగంటలోనే గృహ ఆర్థిక వ్యవస్థ ద్రవ్యలోటులోకి జారుకుంది.

తర్వాతి క్రతువు మీకు కంఠోపాఠమే. జ్యోతి ప్రజ్వలన, ఒక్క కొవ్వొత్తిని ఏడుగురు పెద్దలు పట్టుకుని వెలిగించడం, గాలికి ఒక వత్తి ఆరిపోవడం, ఎవరూ చూడనట్టు నటించడం. ఆ పైన సమర్పకుల నామావళి: సిమెంటు, నెయ్యి, బట్టల సబ్బు, ఓఆర్ఆర్‌కు కూతవేటు దూరంలో ప్లాట్లు. ఆ పైన ఇద్దరు యాంకర్ల సరసం. ఒకరు లావు గురించి, ఒకరు పొట్టి గురించి జోకులు వేస్తే, ముందు వరుసలో ఎవరో నవ్వుతున్నట్టు చూపిస్తారు. ఆ నవ్వు ఇంకో జోకుకు నవ్విందని మా కొడుకు కనిపెట్టాడు, ఎందుకంటే నవ్వేప్పుడు ఆయన పక్కన కూర్చున్న మనిషి వేరే. ఆ పైన ఒక హీరోయిన్ గారి నృత్యం. పాట సగంలో ఇంకో పాట, ఇంకో పాటలో సగానికి మరో పాట, మధ్యలో పొగ, పొగలోంచి గాల్లో వేలాడుతూ దిగిన పన్నెండు మంది కుర్రాళ్ళు. ఆమెకు ఆ రాత్రి అవార్డు లేదు, ఆ పాటలు పాడిన గొంతు ఆమెది కాదు. అయినా అంతసేపు ఎవరూ బ్రేకు అనలేదు.

ఎట్టకేలకు ఒక గాయకుడిని పిలిచారు. కవరు చిరగలేదు. అందులోని పేరు చదవడానికి వచ్చిన ప్లాట్ల కంపెనీ పెద్దమనిషి ఆ పేరును మూడు ముక్కలు చేసి మూడింటినీ తప్పుగా పలికాడు. గాయకుడు వచ్చాడు. శాలువా కప్పారు, గుచ్ఛం ఇచ్చారు, జ్ఞాపిక ఇచ్చారు, మనిషంత చెక్కు ఇచ్చారు, మైకు ఇచ్చారు. దేవుడు ఇచ్చినవి రెండు చేతులే. "మా అందరి కోసం రెండు లైన్లు" అంది యాంకరమ్మ. ఏళ్ళ తరబడి సాధన చేసి, వందల పాటల కోరస్‌లో నిలబడి ఇక్కడిదాకా వచ్చిన మనిషికి ఈ జాతి ఇచ్చే సమయం రెండు లైన్లు. ఆయన కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. కెమెరా వెంటనే ముందు వరుసలో ఫోన్ చూసుకుంటున్న హీరో గారి మీదికి పోయింది. రెండో లైను చివర ఆయన గొంతు పైకి ఎక్కుతుండగా బట్టల సబ్బు వచ్చింది. మరకలు బాగా పోయాయి.

"ఘంటసాలకు ఇచ్చిండ్రా?" అని అడిగింది మంచం మీద అవ్వ. ఏటా అడుగుతుంది. ఆయన 1974లోనే పోయాడవ్వా అని ఏటా చెప్తాను. "పోతే ఇయ్యరా?" అంటుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు, జ్యూరీ దగ్గర ఉంటే పంపగలరు.

గాయకుడికి రెండు లైన్లయినా దక్కాయి. పాట రాసినవాడి సంగతి చూడండి. "మరికొన్ని విభాగాల విజేతలు" అంటూ తెర కింద ఒక పట్టీ పరుగెత్తుతుంది. అందులో సౌండ్ మిక్సింగ్ ఆయన వెనకాల, కోరస్ కన్నా కొంచెం ముందు, ఉత్తమ గీత రచయిత ఫొటో కనిపించి మాయమవుతుంది. కళ్ళజోడు తుడుచుకునే లోపు సాహిత్యం గడిచిపోతుంది. పక్క జిల్లాల వాళ్ళు దీన్ని సహించవచ్చు, పాత వరంగల్ జిల్లావాడు ఎట్లా సహిస్తాడు? మా దగ్గర మక్కజొన్న తర్వాత ఎక్కువ పండేది పాటలే. జాతీయ అవార్డుల్లో గీత రచనకు గెలిచిన తెలుగువాళ్ళను చెప్పమంటే శ్రీశ్రీ, వేటూరి, సుద్దాల అశోక్ తేజ అని చెప్పి, చంద్రబోస్, కాసర్ల శ్యామ్ అనేటప్పుడు మేము గొంతు కొంచెం పెంచుతాం. చంద్రబోస్‌ది చిట్యాల దగ్గరి చల్లగరిగ. "బలగం" పాటకు 2025లో జాతీయ అవార్డు ప్రకటించిన కాసర్ల శ్యామ్‌ది హన్మకొండ. ఇద్దరూ తనకు బాగా తెలుసని బామ్మర్ది అంటాడు. వాళ్ళకు ఇతను తెలుసునా అనే ప్రశ్నను నేను సోఫా దృష్ట్యా లేవనెత్తలేదు.

నిజానికి అవార్డు తీసుకోవడం ఎట్లాగో మా చల్లగరిగ మనిషే ప్రపంచానికి చూపించి వచ్చాడు. 2023 మార్చి 13, సోమవారం పొద్దున. అమెరికాలో అప్పటికి ఆదివారం రాత్రి. "నాటు నాటు"కు ఆస్కార్ అన్నారు. కీరవాణి గారు కార్పెంటర్స్ వారి పాత బాణీలో తన మాటలు పాడేశారు. పక్కన నిలబడ్డ చంద్రబోస్ గారు నమస్తే అన్నారు. అయిపోయింది. తల్లిదండ్రులకు, గురువులకు, నిర్మాతకు, నిర్మాత బావమరిదికి, ఈ అవకాశం ఇచ్చిన, ఇవ్వబోయే, ఇవ్వకపోయినా మనసులో అనుకున్న ప్రతి ఒక్కరికీ అని మొదలుపెట్టే మన వేదికల వాళ్ళు ఆ ఒక్క మాటను పలకల మీద రాయించి గోడలకు తగిలించుకోవాలి. ఆ వారమంతా ఈ బజారు పిల్లలు మా స్లాబు మీదే చేతులు భుజాల మీద వేసుకుని ఆ స్టెప్పు వేశారు. కింద గదిలో సున్నం రాలింది. నేను ఒక్క మాట అనలేదు, దేశ ప్రతిష్ఠకు సంబంధించిన విషయం. సున్నం ఖర్చు మాత్రం నాది.

ఈ రోగం మనదే అనుకోకండి. అమెరికాలో గ్రామీలని ఉన్నాయి. తొంభైకి పైగా విభాగాలు. వాటిలో ఎక్కువ భాగం టీవీ ప్రసారానికి ముందే మధ్యాహ్నం పూట పంచేస్తారు. రాత్రికి మిగిలేది పెద్ద పేర్లూ, నృత్యాలూ. మా ఇంటామెకు ఈ సంగతి చెబితే, "నా వంట గూడ గట్లనే, ఎవలు సూస్తరు" అంది. అంతర్జాతీయ విషయాలు ఇంట్లో చెప్పకూడదు.

ఇక అసలు గాయం. 1964 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమా వాళ్ళకు, పాటల వాళ్ళకు నంది అవార్డులు ఇచ్చింది. ఏ నంది? లేపాక్షి నంది. లేపాక్షి వారితో నాకు తగాదా లేదు. పెద్ద నందే, ఏకశిలే, ఒప్పుకుంటాను. కానీ సీనియారిటీ అని ఒకటి ఉంటుంది కదా! అది విజయనగరం వారి కాలపు నంది, మాది కాకతీయుల నంది. సర్వీసులో మూడు వందల ఏళ్ళు ముందు. మెడలో గంటల పట్టెడ, చెక్కడంలో నగానట్రా, ఒళ్ళు బరువు ముందుకు వేసి పిలిస్తే లేచి వచ్చేటట్టు కూర్చున్న తీరు. ఏ మూల నిలబడినా మనల్నే చూస్తుందని గైడ్లు వచ్చినవాళ్ళందరితో చెప్పి నాలుగు దిక్కులా నిలబెట్టి చూపిస్తారు. బాలసుబ్రహ్మణ్యం గారు పాతిక నందులు ఇంటికి తీసుకుపోయారంటారు. వాటిలో ఒక్కదానికైనా మా ముఖకవళికలు ఉన్నాయా? ప్రమోషన్ జాబితాలో జూనియర్ ముందుకు పోతే ఉద్యోగులు కోర్టుకెక్కుతారు. మా నంది నోరు లేని జీవి.

రాష్ట్రం రెండయ్యాక ఆ నందులకూ కష్టకాలం వచ్చింది. 2014, 2015, 2016, మూడేళ్ళ అవార్డులు 2017 నవంబరులో ఒక్కసారే ప్రకటించారు. వచ్చిన ఆనందం కన్నా రానివాళ్ళ ఆగ్రహం ఎక్కువ రోజులు నడిచింది. తెలంగాణ ప్రభుత్వం 2024 జనవరి 31న, గద్దర్ జయంతి నాడు, ఇకపై అవార్డులు గద్దర్ పేరు మీద అని ప్రకటించింది. 2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో తొలి వేడుక జరిగింది. 2024 సినిమాలకు ఇచ్చి, 2014 నుంచి 2023 దాకా ఉత్తమ చిత్రాల లెక్క కూడా అదే రోజు తేల్చారు. బకాయిలు ఒకే విడతలో చెల్లించిన ప్రభుత్వాన్ని చూసి ఈ రిటైర్డు ఉద్యోగి కళ్ళు చెమర్చాయి. సంగీతానికి "రజాకార్" చేసిన భీమ్స్ సిసిరోలియో, రచనకు మళ్ళీ మా చంద్రబోస్, గానానికి సిద్ శ్రీరామ్, శ్రేయా ఘోషాల్. ఇందులో నాకు వచ్చిన చిక్కు ఒక్కటే. "ఒరేయ్ రిక్షా" పాటకు గద్దర్‌కు నంది ఇస్తే ఆయన వద్దన్నాడు. వద్దన్న మనిషి పేరు మీదే ఇప్పుడు అవార్డు. ఎవరైనా దీన్ని కూడా వద్దంటే, ఆయన పేరు మీద ఇంకోటి పెట్టాల్సి వస్తుంది. అప్పుడు ఆ ప్రసారం కూడా మా ఇంట్లోనే చూస్తారు.

గద్దర్ అయితే ఏం చేసేవాడో నాకు తెలుసు. గొంగడి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టుకుని పాట మొత్తం పాడేవాడు. బట్టల సబ్బుకు సందు దొరికేది కాదు.

మీరు నన్ను పాత చింతకాయ అనుకోవచ్చు. కానీ పాటను మింగేసి ఆటను మాత్రం చూపించే ఈ అలవాటు చానళ్ళతో మొదలైంది కాదు, మా ఊరి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. కాకతీయ గణపతిదేవుడి గజబలానికి అధిపతి జాయప సేనాని 1250ల్లో "నృత్తరత్నావళి" రాశాడు. అది దొరికింది. ఆయనే "గీతరత్నావళి" రాశాడు, "వాద్యరత్నావళి" రాశాడు. అవి దొరకలేదు. ఆట మిగిలింది, పాట పోయింది, వాయిద్యం పోయింది. ఏనుగుల దళపతి రాసిన పుస్తకాలనే ఎడిటింగులో కోసేశాక, రెండు లైన్ల గాయకుడు ఏ కోర్టుకు పోతాడు? మిగిలిన ఆ ఆటను కూడా ఊరికే వదలలేదు. నటరాజ రామకృష్ణ గారు జాయప పుస్తకాన్నీ, మా గుడి శిల్పాల్నీ పక్కపక్కన పెట్టుకుని పేరిణి నాట్యాన్ని లేపి నిలబెట్టారు, 1985 శివరాత్రికి రామప్పలోనే వందల మంది చేత ఆడించారు. యాంకర్ లేడు, ప్లాట్లు లేవు, పొగలోంచి ఎవరూ దిగలేదు. గుడిలో గర్భాలయం వాకిట వేణుగోపాలుడి శిల్పం ఒకటుంది. ఆ రాతిని గైడ్లు వేలితో తట్టి స్వరాలు వినిపించేవారు. మా బామ్మర్ది పొద్దున్నే దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని, "దీనికి స్పీకర్ యాడ పెట్టిండ్రు బావా" అని అడిగాడు. హన్మకొండలో డిగ్రీ చదివినవాడు.

చెప్పొచ్చేదేమంటే, అవార్డులిచ్చే మహాప్రభువులందరికీ, వారు సర్కారువారైనా ప్రైవేటువారైనా, పాలంపేట గృహస్థుడు సవినయంగా పెట్టుకునే అర్జీ ఇది. చీకటి పడకముందే మొదలుపెట్టి అన్నం వేళకు ముగించండి. పాడినవాడిని పల్లవి, చరణం అయ్యేదాకా పాడనివ్వండి. రాసినవాడి ఫొటో కిందికి వచ్చినప్పుడు పట్టీని కొంచెం నెమ్మదిగా నడపండి. కొవ్వొత్తికి ఒక్కరు చాలు. జోకులు ఆపండి, ఆపలేకపోతే నవ్వినవాళ్ళను నవ్విన చోటే చూపించండి. ఘంటసాల విషయం అవ్వకు మీరే వచ్చి చెప్పండి. జ్ఞాపిక బొమ్మ మళ్ళీ మార్చే ఆలోచన ఎప్పుడైనా వస్తే, పదమూడో శతాబ్దం నుంచి ఖాళీగా కూర్చుని ఉన్న అభ్యర్థి ఒకరు మా దగ్గర ఉన్నారు, కొలతలు తీసుకోవడానికి మనిషిని పంపండి. వచ్చే మనిషి భోజనం దారిలో చేసి రావాలి.

పదకొండున్నరకు ఉత్తమ గీతం అన్నారు. పిడుగులు పడ్డాయి. కవరు తెరిచారు. పెద్దమనిషి నోరు తెరిచాడు. "మిగతా భాగం వచ్చే ఆదివారం ఇదే సమయానికి" అని రాసి వచ్చింది. ఆ పాట ఏదో మా ఇంట్లో అందరికీ తెలుసు, పాలు పోసే పిలగానికి కూడా తెలుసు. అయినా సోఫా మీదినుంచి ఒక మహా నిట్టూర్పు లేచింది. "గింత దాక సూసి గది సూడకపోతే ఎట్ల బావా" అన్నాడు బామ్మర్ది, ప్రమాణం చేస్తున్నంత గంభీరంగా. వచ్చే వారం కూడా వస్తాడట. పిల్లలకు చెరువులో బోటింగ్ మిగిలిపోయిందట.